కాఫీ పలచనైతే ఒకటి, చేదైతే మరొకటి

చి. సౌ. అమ్మాయికి పెద్దమ్మ దీవెనలు.

నీ మెసేజ్ చూశాను. డాలస్‌లో కొత్తింట్లో డ్రిప్ మెషీన్, అదే కాగితం ఫిల్టర్‌లోని పొడి మీద వేడినీళ్లు దించే కాఫీ మెషీన్, ఉందనీ, అందులో కాఫీ ఒకరోజు నీళ్లలా, ఒకరోజు నోట్లో పెట్టలేనంత చేదుగా వస్తోందనీ రాశావు. పలచనగా వచ్చిన రోజు గింజలు ఇంకా మెత్తగా పట్టావట. చేదుగా వచ్చిన రోజు పొడి తగ్గించావట. చిక్కంతా అక్కడే ఉంది తల్లీ. మందులు రెండూ తారుమారయ్యాయి. పలచనైతే పెంచాల్సింది పొడి. చేదైతే మార్చాల్సింది పొడి మెత్తదనం. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాసి పంపుతున్నాను.

కాఫీ పొడి బరువులో నీళ్లలో కరగగలిగింది 30 శాతం దాకా ఉంటుంది. అదంతా మనకు అక్కర్లేదు. ముందు పులుపూ సువాసనా దిగుతాయి, తర్వాత తీపి, ఆఖర్న చేదూ వగరూ. అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ 1950లలో దీన్ని లెక్క కట్టాడు. పొడిలోంచి 18 నుంచి 22 శాతం దిగితే రుచి బాగుంటుందని ఒక లెక్క. కప్పులోని కాఫీలో ఆ కరిగిన సారం 1.15 నుంచి 1.35 శాతం ఉండాలని రెండో లెక్క. స్ట్రాంగా, లైటా అన్నది రెండో లెక్క. చేదు, పులుపు చాలావరకు మొదటి లెక్క. నువ్వు పొడి తగ్గించి నీళ్లు అన్నే పోశావనుకో, ఆ కొంచెం పొడి మీదుగా అన్ని నీళ్లూ దిగి అడుగున ఉన్న చేదు కూడా ఊడ్చుకొస్తాయి. కాఫీ పలచనగానూ ఉంటుంది, చేదుగానూ ఉంటుంది. నీకు జరిగింది అదే.

ఇక కొలతలు. మెషీన్ మీద ఉన్న కప్పు గీతలు మన కప్పులు కావు. చాలా మెషీన్లలో ఒక కప్పు అంటే 5 ఔన్సులు, అంటే 150 మిల్లీలీటర్లకు కాస్త తక్కువ. 12 కప్పుల మెషీన్‌లో పట్టేవి 60 ఔన్సులే. మీ ఇంట్లో మగ్గు ఎనిమిది ఔన్సులది అయి ఉంటుంది. నాలుగు మగ్గులకని ఆరో గీత దాటేదాకా పోసి, నలుగురికి సరిపడా పొడేనని నాలుగు చెంచాలు వేస్తే అది కాఫీ కాదు, రంగునీళ్లు. గీతలు వదిలెయ్. ఒకసారి కొలగిన్నెతో నీళ్లు పోసి ఏ గీత ఎన్ని మిల్లీలీటర్లో చూసి రాసి పెట్టుకో.

లీటరు నీళ్లకు 55 గ్రాముల పొడితో మొదలుపెట్టు. 600 మిల్లీలీటర్లకైతే 33 గ్రాములు. పొడి తన బరువుకు దాదాపు రెండింతలు నీళ్లు పీల్చుకుని తనలోనే ఉంచుకుంటుంది కాబట్టి, జగ్గులోకి వచ్చేది సుమారు 530 మిల్లీలీటర్లే. తక్కువొచ్చిందని కంగారుపడి పైనుంచి ఇంకో గ్లాసు నీళ్లు ఆ తడిపొడి మీద పోయొద్దు. చేదంతా దిగేది అప్పుడే. చిక్కదనం చాలకపోతే 36 గ్రాములు చెయ్యి, ఆ తర్వాత 39. ఒకసారికి మూడు గ్రాములు మార్చు, అంతకంటే ఎక్కువ వద్దు, లేకపోతే తేడా ఎక్కడ వచ్చిందో తెలియదు. చెంచాతో కొలవొద్దని గట్టిగా చెబుతున్నాను. బాగా నల్లగా వేయించిన గింజ తేలికగా ఉంటుంది, అందుకే అదే చెంచా ఒక డబ్బాలోంచి తీస్తే ఒక బరువు, ఇంకో డబ్బాలోంచి తీస్తే ఇంకో బరువు. గ్రాములు చూపించే చిన్న కాటా ఒకటి కొనుక్కో, వంటింట్లో అన్నిటికీ పనికొస్తుంది.

పొడి ఉప్మా రవ్వంత బరకగా ఉండాలి. మెషీన్‌లో నీళ్లు పొడి మీద ఆగేది కొద్ది నిమిషాలే, మొత్తం పని నాలుగు నుంచి ఎనిమిది నిమిషాల్లో అయిపోవాలి. గడియారం పెట్టి చూడు. అంతకు మించి పడితే పొడి మరీ మెత్తగా ఉందన్నమాట, చేదు ఖాయం. మూడు నిమిషాల్లోపే దిగిపోయి కాఫీ పులుపు కొడితే కాస్త మెత్తగా పట్టు. అమ్మ మీకు పంపిన ఫిల్టర్ కాఫీ పొడిని మాత్రం ఇందులో వెయ్యొద్దు. అది స్టీలు ఫిల్టర్ కోసం మెత్తగా పట్టింది, పైగా చికోరీ కలిసింది. కాగితం ఫిల్టర్‌ను మూసేస్తుంది, నీళ్లు పైకి పొంగి మడ్డి జగ్గులోకి వస్తుంది. చికోరీలో కెఫీన్ ఉండదు, నలుపూ చేదూ చిక్కదనమూ ఇస్తుంది, దాన్ని చూసి స్ట్రాంగ్ అనుకుంటాం. అమ్మకు చెప్పి అరకు గింజలు పంపించమను, పొడి కాదు, వేయించిన గింజలు, చికోరీ లేకుండా. మన మన్యంలో గిరిజన రైతులు పండించే ఆ అరబికా రకం కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ వాసన ఈ మెషీన్‌లో చక్కగా తెలుస్తుంది.

ఇప్పుడు నేను ఎక్కువ పట్టించుకునే విషయం. కాఫీ దిగాక కాగితంలో మిగిలిన పొడిని ఒకసారి పరిశీలించు. మధ్యలో గుంట పడి, పక్కల పొడి ఎండుగా, లేతరంగులో మిగిలి ఉందా? చవక మెషీన్లలో నీళ్లు ఒకే చోట పడతాయి. మధ్య పొడి అతిగా నానుతుంది, అంచుల పొడి తడవదు. అలాంటప్పుడు ఎన్ని గ్రాములు వేసినా లెక్క కుదరదు. మెషీన్ మొదలైన అర నిమిషానికి మూత తెరిచి, పొడవాటి చెంచాతో పొడిని ఒక్కసారి మెల్లగా కలిపి మూసెయ్. ఆవిరి చేతికి తగలకుండా చూసుకో. మీ మెషీన్‌లో మూత తెరిస్తే నీళ్లు ఆగిపోతే ఇది చెయ్యక్కర్లేదు, పొడిని ముందే సమంగా పరిచి మొదలుపెట్టు.

జగ్గు నిండాక కూడా ఒకసారి కలపాలి. మొదట దిగింది చిక్కగా అడుగున ఉంటుంది, ఆఖర్న దిగింది పలచగా పైన ఉంటుంది. మధ్యలోనే జగ్గు లాగి ఒక కప్పు పోసుకుంటే ఆ కప్పు మరీ చిక్కన, మిగిలినదంతా పలచన. మీరిద్దరూ ఒకే జగ్గులోంచి తాగి ఒకరు స్ట్రాంగ్ అనీ, ఒకరు లైట్ అనీ అన్నారంటే కారణం ఇదే అయి ఉండొచ్చు. కింద వేడి పలక మీద అరగంటకు మించి ఉంచొద్దు. మిగిలితే ఫ్లాస్కులో పొయ్యి.

ఒక్కరికే పెట్టుకునే రోజు లెక్క కాస్త మారుతుంది. పొడి పొర పల్చగా ఉండి నీళ్లు త్వరగా జారిపోతాయి కాబట్టి లీటరుకు 60, 65 గ్రాముల లెక్కన వెయ్యి. 1-4 కప్పుల బటన్ ఉంటే నొక్కు.

పాల కాఫీ సంగతి. ఆ మెషీన్ నుంచి మన ఇత్తడి ఫిల్టర్ డికాషన్ రాదు, రావాలని పట్టుబట్టకు. అక్కడ అదిమిన మెత్తటి పొడిలోంచి నీళ్లు చాలాసేపు బొట్టుబొట్టుగా దిగుతాయి. ఇక్కడ నువ్వు చెయ్యగలిగింది, 600 మిల్లీలీటర్లకు 45 గ్రాములు వేసి, వచ్చిన కాఫీకి మూడోవంతు కాచిన చిక్కటి పాలు కలపడం. ట్యాంకులో పాలు ఎప్పుడూ పోయకు.

కొన్నాళ్లకు కాఫీ దిగడం నెమ్మదించి, వేడి తగ్గి, రుచి మారితే లోపల గార పట్టిందని అర్థం. వెనిగర్, నీళ్లు సగం సగం పోసి ఒకసారి తిప్పి, తర్వాత రెండుసార్లు వట్టి నీళ్లతో కడుగు.

అల్లుడికి స్ట్రాంగ్, నీకు లైట్ కావాలన్నావు. రెండుసార్లు పెట్టక్కర్లేదు. అతనికి నచ్చినంత చిక్కగా పెట్టి, నీ కప్పులో వేడినీళ్లు కలుపుకో. పలచన చెయ్యడం ఎప్పుడైనా కుదురుతుంది, పలచనగా దిగినదాన్ని చిక్కబరచలేం. శనివారం పెట్టి చూసి, పొడి ఎన్ని గ్రాములు, నీళ్లు ఎన్ని, ఎన్ని నిమిషాలు పట్టిందో, పులుపా చేదా అన్నది నాకు రాయి. మిగిలింది చూసి చెబుతాను.

మీ పెద్దమ్మ