అమ్మ హోమ్ ఫీజు, నాన్న కట్టిన ఇల్లు

ప్రశ్న: మేడమ్, మాది గుంటూరు. బ్రాడీపేటలో నాన్న సొంత సంపాదనతో కట్టిన రెండంతస్తుల ఇల్లుంది. ఆయన వీలునామా రాయకుండానే పోయారు. పక్షవాతంతో అమ్మకు కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. మాట తడబడుతుంది కానీ తెలివి బాగానే ఉంది. ఇంట్లో చూసుకోలేమని అన్నయ్య అంటే విజయవాడలో ఒక హోమ్‌లో చేర్పించాం. నెలకు 28,000, డైపర్లు, ఫిజియోథెరపీ అదనం. అంతా నేనే కడుతున్నాను. అన్నయ్య కింది పోర్షన్‌లో ఉంటూ, పై పోర్షన్ అద్దె 14,000 కూడా తనే తీసుకుంటున్నాడు. తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు, ఏమీ మాట్లాడడు. ఫీజు బాకీ పడితే హోమ్ వాళ్లు ఇంటి మీదకొస్తారు, అమ్మ వాటా తన పేర రాయిస్తే సేఫ్ అంటున్నాడు అన్నయ్య. సబ్ రిజిస్ట్రార్‌ని హోమ్‌కే పిలిపించి వేలిముద్ర వేయిస్తాడట. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నేను కట్టిన డబ్బు రేపు నా వాటాలో కలుస్తుందా?
— ఒక సోదరి, గుంటూరు

జవాబు: ముందు ఆ వేలిముద్ర ఆపించండి తల్లీ. మిగతావన్నీ తర్వాత.

నాన్నగారి స్వార్జితం, వీలునామా లేదు కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకీ, మీ ముగ్గురికీ తలా నాలుగో వంతు. (నాన్నగారు పోయేనాటికి ఆయన తల్లి లేరనుకుని చెబుతున్నాను, ఉంటే లెక్క మారుతుంది.) ఇల్లు ఆయన పేరు మీదే ఉన్నా ఈ హక్కు పోదు. అమ్మ తన వాటాకు పూర్తి యజమాని.

హోమ్ వాళ్లు ఇల్లు లాగేసుకుంటారన్న భయం వద్దు. బాకీ పడితే, కడతామని సంతకం పెట్టినవాళ్ల మీద కోర్టులో దావా వేసుకోవాలి. అందుకే చేర్పించిన రోజు నింపిన ఫారం తీసి చూడండి, గ్యారంటర్‌గా ఎవరి సంతకం ఉందో. అమ్మ కూడా వేలిముద్ర వేసి ఉంటే, కోర్టు డిక్రీ వచ్చాక ఆమె నాలుగో వంతు జప్తు అడగొచ్చు. ఆమె బాకీకి మీ వాటాల జోలికి రాలేరు.

మీరు కట్టిన డబ్బు వాటాలో దానంతటదే కలవదు. తల్లికి పెట్టిన ఖర్చును కోర్టులు మామూలుగా బిడ్డ బాధ్యతగానే చూస్తాయి. వీలునామా లేకుండా అమ్మ పోతే ఆమె వంతు ముగ్గురికీ సమానంగా వస్తుంది, పైసా కట్టని తమ్ముడితో సహా. తిరిగి రావాలంటే అమ్మ వీలునామాలో రాయాలి, లేదా నలుగురూ ఇప్పుడే కాగితం మీద ఒప్పుకోవాలి. ఫీజు బ్యాంకు ద్వారానే కట్టి, రసీదులు దాచుకోండి.

నన్నడిగితే అసలు గొడవ ఆ అద్దె దగ్గరే ఉంది. 14,000లో అమ్మ వాటా 3,500, మీ వాటా 3,500. అది మీ ఇద్దరి హక్కు. నాన్న కట్టిన ఇంటి మీద వచ్చే మొత్తం అద్దె అమ్మ ఫీజుకే పోవాలని అడగండి, అది న్యాయం. ఫీజులో మిగిలిన 14,000 ముగ్గురూ పంచుకుంటే తలా ఐదు వేలు కూడా కాదు. అమ్మ వాటా ఆమె బతికుండగా ఆమె మందులకీ మంచానికీ పనికిరావాలి. పిల్లలది ఆ తర్వాత.

వాళ్లు ఇవ్వబోమంటే, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో ట్రిబ్యునల్‌లో అన్నదమ్ములిద్దరి మీదా అర్జీ పెట్టవచ్చు. అమ్మ వెళ్లలేకపోతే ఆమె అధికారమిచ్చినవాళ్లు వేయొచ్చు. ఈ చట్టం కింద నెలకు 10,000కు మించి వేయరు, అయినా నోటీసు వచ్చాక చాలా ఇళ్లలో మాటలు మొదలవుతాయి. వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567 కూడా ఉంది.

ఇక రిజిస్ట్రేషన్. సబ్ రిజిస్ట్రార్ హోమ్‌కి వచ్చినా, దస్తావేజు తాను రాసివ్వలేదని అమ్మ చెబితే రిజిస్టర్ చేయకూడదు. ఈ మాట అమ్మకు నెమ్మదిగా, అర్థమయ్యేలా చెప్పండి. ఆమే మనసారా అన్నయ్యకు ఇస్తానంటే కాదనడానికి మీకూ నాకూ హక్కు లేదు. కానీ తనను చూసుకోవాలన్న షరతు ఆ దస్తావేజులోనే రాయించండి. షరతు తప్పితే ఆ 2007 చట్టంలోని 23వ సెక్షన్ కింద దాన్ని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ని అడగొచ్చు. నోటిమాటగా ఒప్పుకుంటే తర్వాత రుజువు చేయడం చాలా కష్టం.

వీలునామా రాస్తానంటే ఎడమచేతి వేలిముద్ర చాలు. సాక్షులుగా ఆస్తితో సంబంధం లేని ఇద్దర్ని పెట్టండి, మీ ఆయన్ని వద్దు. అమ్మ తెలివితోనే ఉన్నారని డాక్టర్ సర్టిఫికెట్ అదే రోజు తేదీతో తీసుకోండి.