షాపు వదిలేసి పోకర్ ఆడుకుంటూ బతకొచ్చా? – పాఠకుల ప్రశ్నలకి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు పేకాట మీదే, మూడూ మన ఒడిశా వైపు నుంచే వచ్చాయి. మొదటిదానికి జవాబు పెద్దదైపోయింది, ఏమీ అనుకోకండి. లెక్క చూపించకుండా ఊరికే వద్దు అంటే ఆ అబ్బాయి వినడు, ఆ వయసులో నాకు చెప్పినా నేనూ వినలేదు.

ప్రశ్న: సార్, మాది రాయగడ. నాకు 29 ఏళ్ళు. నాన్నగారి మొబైల్ షాపు ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. మూడేళ్ళు ఫోన్‌లో పోకర్ ఆడాను, 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చాక యాప్‌లు డబ్బాట ఆపేశాయి కదా, అప్పట్నుంచి గోవా కసినోకి వెళ్తున్నాను. 4 ట్రిప్పులు, మొత్తం 11 రోజులు 100-200 టేబుల్ (ప్రతి ఆటకి ముందు ఇద్దరు తప్పనిసరిగా వెయ్యాల్సిన పందేలు 100, 200) మీద ఆడాను. 7 రోజులు గెలిచాను, 2 లక్షల 60 వేలు. 4 రోజులు పోయింది, లక్షా 64 వేలు. అంటే 96 వేలు మిగులు. ఆఖరి రోజు నా దగ్గర రెండు ఆసులు, అవతలాయన దగ్గర రెండు రాజులు, ఇద్దరం ఉన్నదంతా తోసేశాం, అందరికీ ఉమ్మడిగా తెరిచే ముక్కల్లో చివరిది రాజు పడింది, ఆయన గెలిచాడు, లేకపోతే ఇంకా చాలా మిగిలేది. పోకర్ స్కిల్ గేమ్ అని కోర్టులే చెప్పాయి కదా, షాపు తమ్ముడికి అప్పజెప్పి నెలకి రెండు వారాలు అక్కడే ఉండి ఆడదామనుకుంటున్నాను. ఇంట్లో మాత్రం టూర్ అని చెప్పి వెళ్తున్నాను. ఏటంటారు?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఏంటంటే పోయిన రోజులు కూడా రాశావు. పేకాట ఆడేవాళ్ళలో నూటికి తొంభై మంది గెలిచిన రోజులే చెప్తారు. కాబట్టి నీతో లెక్కలోకి దిగొచ్చు అనిపించింది.

ముందు ఆ రెండు ఆసుల సంగతి. రెండు ఆసులూ రెండు రాజులూ ఎదురుపడి అంతా తోసేస్తే ఆసులు నూటికి 82 సార్లు గెలుస్తాయి, 18 సార్లు పోతాయి. నీకు జరిగింది ఆ 18లో ఒకటి. దాన్ని దురదృష్టం అనుకున్నావంటే తర్వాతిసారి "ఆ బాకీ వసూలు చెయ్యాలి" అన్న ఆలోచన నీకు తెలియకుండానే వచ్చేస్తుంది, టేబుల్ దగ్గర అంతకంటే ఖరీదైన ఆలోచన ఇంకోటి లేదు. పైగా రెండు ఆసులు 221 హ్యాండ్లకి (హ్యాండ్ అంటే ఒక పంపకం) ఒకసారి వస్తాయి, డీలర్ గంటకి 25 హ్యాండ్లు పంచితే దాదాపు 9 గంటలు కూర్చుంటే ఒకసారి. మిగతా టైమంతా ఏం చెయ్యాలి? ముక్కలు చూసి పారెయ్యాలి, మళ్ళీ చూసి మళ్ళీ పారెయ్యాలి. షాపులో గిరాకీ లేని మధ్యాహ్నం ఎలా ఉంటుందో నీకు తెలుసు కదా, రోజూ అలాగే ఉంటుంది, కాకపోతే షాపులో ఖాళీగా కూర్చుంటే నీ జేబులోంచి ఎవరూ తీసుకోరు, అక్కడ తీసుకుంటారు.

ఎలా తీసుకుంటారో చెప్తాను, అసలు విషయం ఇదే. పోకర్‌లో నువ్వు ఆడేది కసినోతో కాదు, పక్కన కూర్చున్నవాళ్ళతో, రూలెట్‌కీ దీనికీ తేడా అదే, అందుకే తెలివికి చోటుంది అంటారు, నిజమే. కానీ ప్రతి పాట్‌లోంచి (ఒక ఆటలో అందరూ కాసిన మొత్తం డబ్బులోంచి) కసినో రేక్ అని కొంత తీసుకుంటుంది. నువ్వు ఆడే చోట ఎంతో కనుక్కో, నేను ఉదాహరణకి 5 శాతం వేస్తున్నాను. 9 మంది తలో 20 వేలతో కూర్చున్నారు, టేబుల్ మీద లక్షా 80 వేలు. గంటకి 25 పాట్లు, సగటున పాట్ 4 వేలు, ఒక్కో పాట్‌కి 200 తీస్తే గంటకి 5 వేలు, 8 గంటలకి 40 వేలు. ఆ 40 వేలు ఎవరూ గెలవలేదు, టేబుల్ మీద నుంచి మాయమైపోయింది. 9 మందికి పంచితే మనిషికి రోజుకి దగ్గర దగ్గర 4,400. నువ్వు అందరితో సమానంగా ఆడినా రోజుకి అంత పోతుంది, అంతకంటే మెరుగ్గా ఆడితేనే సున్నా దగ్గరికి వస్తావు. దాని పైన డీలర్‌కి ఇచ్చే టిప్పులు.

ఇంక చిప్స్ కొనే కౌంటర్ దగ్గర ఆగు. కసినోలో చిప్స్‌కి కట్టిన డబ్బు మీద 2023 అక్టోబర్ 1 నుంచి 28 శాతం జీఎస్టీ ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం అయింది. ఆడకుండా చిప్స్ వెనక్కి ఇచ్చేసినా ఆ ట్యాక్స్ లెక్క తగ్గదు. కాబట్టి కౌంటర్‌లో ఒకటే అడుగు, "నేను 10 వేలు ఇస్తే టేబుల్ మీద నా ముందు ఎన్ని వేల చిప్స్ ఉంటాయి" అని. వాళ్ళు చెప్పిన అంకె రాసుకో.

ఇప్పుడు నీ 96 వేలకి వద్దాం. రాయగడ నుంచి విజయనగరం వచ్చి అక్కణ్ణుంచి రైల్లో వెళ్ళినా, వైజాగ్ వెళ్ళి విమానం ఎక్కినా, పంజిమ్‌లో రూమూ తిండీ కలిపి ట్రిప్పుకి 14 వేలకి తక్కువ అవుతుందని నేననుకోను, నాలుగింటికి 56 వేలు. మిగిలింది 40 వేలు. ఇన్‌కమ్ ట్యాక్స్ ఏమంటుందంటే, పేకాట గెలుపు మీద 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, పోయిన డబ్బు అందులోంచి తీసెయ్యడానికి లేదు, రైలు టికెట్టూ రూమ్ రెంటూ తీసెయ్యడానికి కూడా లేదు. నువ్వు రాసినట్టే గెలిచిన రోజుల్ని గెలుపుగా తీసుకుంటే 2 లక్షల 60 వేల మీద 81,120 రూపాయలు ట్యాక్స్. 40 వేలు మిగిలిన మనిషి 81 వేలు కట్టాలి. అంటే నువ్వు 41 వేల నష్టంలో ఉన్నావు తమ్ముడూ, ఇంకా షాపు మూసిన రోజుల వ్యాపారం నేను లెక్కెయ్యలేదు. మీ ఆడిటర్‌కి ఈ కాగితం చూపించు, సిగ్గుపడకు.

నువ్వు బాగా ఆడతావా లేదా అంటే 11 రోజుల్లో ఎవరికీ తెలియదు. రోజుకి 8 గంటలు వేసుకున్నా 2,200 హ్యాండ్లు. అన్ని హ్యాండ్లకి కేవలం ముక్కల వల్లే మూడు నాలుగు వందల బిగ్ బ్లైండ్లు (ఆ రెండు తప్పనిసరి పందేల్లో పెద్దది, నీకు 200) అటో ఇటో ఊగడం మామూలే, నీ టేబుల్ మీద అది 60 నుంచి 80 వేలు. నీ 96 వేలల్లో నీ ఆట ఎంతో ముక్కల అదృష్టం ఎంతో నువ్వూ చెప్పలేవు, నేనూ చెప్పలేను. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు కనీసం 20 బయ్‌ఇన్‌లు (బయ్‌ఇన్ అంటే ఒకసారి టేబుల్ దగ్గర కూర్చోవడానికి పెట్టే డబ్బు, ఇక్కడ 20 వేలు) పక్కన పెట్టుకుని దిగు అంటారు, నీ టేబుల్‌కి 4 లక్షలు, అది ఇంటి ఖర్చుకి సంబంధం లేని డబ్బు అవ్వాలి. షాపు స్టాకు డబ్బు ఆ లెక్కలోకి రాదు.

కోర్టు సంగతి కూడా సగమే విన్నావు. 1968లో సుప్రీంకోర్టు స్కిల్ అన్నది పదమూడు ముక్కల రమ్మీని, అది మన సికింద్రాబాద్ క్లబ్బు కేసే. మూడుముక్కలాట లాంటివి పూర్తిగా అదృష్టమే అని అదే తీర్పులో ఉంది. పోకర్ గురించి హైకోర్టులు ఒక్క మాట మీద లేవు, గుజరాత్ హైకోర్టు 2017లో అది జూదమే అంది. సరే, స్కిల్ అనే అనుకుందాం, కబడ్డీ కూడా స్కిలే, ఆడిన అందరూ దాంతో బతకరు కదా.

నా సంగతి ఒకటి చెప్తాను. బరంపురంలో ఉద్యోగం చేసేటప్పుడు నేను ఆరేళ్ళు క్లబ్బులో రమ్మీ ఆడాను. గెలిచిన రోజు స్వీట్ల పొట్లంతో వెళ్ళేవాణ్ణి, పోయిన రోజు అన్నం వద్దని పడుకునేవాణ్ణి, గేటు తీసిన చప్పుడుని బట్టే మా ఆవిడకి తెలిసిపోయేదట, ఆ మాట చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది. నేను లాభంలోనే ఉన్నాననుకునేవాణ్ణి. ఒకసారి గీతల నోట్‌బుక్ కొని నాలుగు గళ్ళు గీశాను, తేదీ, పట్టుకెళ్ళింది, తెచ్చింది, ఖర్చు. మూడు నెలల తర్వాత కూడితే రెండు వేలు లాభం అనుకున్నది 5,300 నష్టం అని తేలింది, అందులో 1,900 ఒక్క సీటు డబ్బూ రిక్షా టీలే. ఆ పుస్తకం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఒక పేజీలో "రిక్షా 6, టీ 2, పోయింది 340" అని రాసి, దాని కింద పాపకి జ్వరం అని రాసుకున్నాను. ఆ రోజు జ్వరం సంగతి నాకు క్లబ్బులోకి కబురొస్తే తెలిసింది, తెలిశాక ఇంకో రెండు ఆటలు ఆడి లేచాను. అది చదివినప్పుడల్లా కడుపులో తిప్పుతుంది.

కాబట్టి షాపు వదలకు. ఆట అంటే నీకు నిజంగా ఇష్టం, అది ఉత్తరంలో కనిపిస్తోంది, మానెయ్యమని నేను అనను, ఏడాదికి ఒకటో రెండో ట్రిప్పులు, ఎంత పోతే లేస్తావో ఇంటి దగ్గరే కాగితం మీద రాసి, ఆ డబ్బు మాత్రమే పట్టుకుని, ఏటీఎం కార్డు రూమ్‌లో వదిలేసి వెళ్ళు. టూర్ అని చెప్పడం మాత్రం ఈ వారమే ఆపెయ్యి. నాన్నగారికి 11 రోజుల లెక్క చూపించు, తిడతారు, తిట్టనీ. ఇవాళ దాచేది 41 వేలు, అందుకే చెప్పగలవు, రేపు 4 లక్షలైతే చెప్పలేవు.

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది బరంపురం. మావారు రెండేళ్ళుగా కసినోలకి వెళ్తున్నారు, మొదట ఫ్రెండ్స్‌తో, ఇప్పుడు ఒక్కరే. నా గాజులు తాకట్టులో ఉన్నాయి, పర్సనల్ లోన్ ఒకటి ఉంది, ఇంకెన్ని ఉన్నాయో తెలీదు. అడిగితే ఏడుస్తారు, ఇంకొక్కసారి వెళ్ళి పోయింది తెచ్చేస్తే మానేస్తానంటారు. మా పుట్టింటివాళ్ళు అప్పు కట్టేస్తామంటున్నారు. కట్టనివ్వాలా?

జవాబు: చెల్లెమ్మా, ఇప్పుడే కట్టనివ్వకు. నీ పుట్టింటివాళ్ళది మంచి మనసే, కానీ మొత్తం అప్పు ఎంతో తెలియకుండా ఒకటి తీర్చేస్తే ఆయనకి అది కొత్తగా అప్పు పుట్టే దారి అవుతుంది. ముందు ఇద్దరూ కూర్చుని బ్యాంకులు, యాప్ లోన్లు, చేబదుళ్ళు, తాకట్టు రసీదులు అన్నీ ఒకే కాగితం మీద రాయండి. ఆయన పేరున సిబిల్ రిపోర్టు తీయిస్తే బ్యాంకు లోన్లు, క్రెడిట్ కార్డులు దాదాపు అన్నీ బయటపడతాయి, చేబదుళ్ళు పడవు, అవి ఆయన నోటితోనే రావాలి. జీతం వచ్చే అకౌంట్‌లో యూపీఐ లిమిట్ తగ్గించండి, ఇంటి ఖర్చు డబ్బు నీ ఒక్కదాని అకౌంట్‌లోకి రానీ, కొత్త లోన్ కాగితం మీద నువ్వు సంతకం పెట్టకు.

"పోయింది తెచ్చేస్తాను" అన్న మాట ఆయన మోసంతో అనట్లేదు, నిజంగానే అనుకుంటున్నారు, ఆ జబ్బు లక్షణమే అది. జబ్బు అని ఊరికే అనట్లేదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో జూదం అలవాటు ఉంది, డాక్టర్లు వైద్యం చేస్తారు. మీ ఊళ్ళోనే ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్ళు, పిచ్చాసుపత్రి అని ఎవరైనా అంటే అననీ. అంతకంటే ముందు ఇంట్లోంచే మాట్లాడాలంటే 14416, టెలి మానస్, ప్రభుత్వానిది, ఫోన్‌కి డబ్బులు పడవు. ఆయన మాట్లాడనంటే నువ్వు మాట్లాడు. ఒకటి మాత్రం బాగా గుర్తుపెట్టుకో, ఆయన బతకడం గురించి ఎప్పుడైనా తేడాగా మాట్లాడితే ఆ రోజు అప్పుల కాగితం పక్కన పెట్టు, ఒంటరిగా వదలకు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళు. ఆ తర్వాత ఏమైందో నాకు రాయి, అచ్చు వెయ్యను, నాకు తెలియాలి అంతే.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. కుమార పున్నమికి ఇళ్ళల్లో పేకాడుకోవడం ఇక్కడ ఆనవాయితీ. ఈమధ్య మా ఫ్రెండ్ ఒకడు లాడ్జిలో రూమ్ తీసి కసినోలో లాగా పోకర్ పెడుతున్నాడు, పాట్‌కి ఇంత అని తీసుకుంటున్నాడు. పండగాటే కదా అంటాడు. వెళ్ళొచ్చా?

జవాబు: వెళ్ళకు. ఒడిశాలో 1955 జూద నిరోధక చట్టం ఉంది, జూదం పెట్టి దాని మీద సంపాదించే చోటు నడిపినవాడికీ శిక్షే, అక్కడ ఆడుతూ దొరికినవాడికీ శిక్షే. మీవాడు పాట్‌కి ఇంత అని తీసుకున్న క్షణం నుంచి అది పండగాట కాదు. గోవాలో ఓడల మీద ఆడిస్తున్నారు కదా అంటాడేమో, అక్కడ లైసెన్సుకి వేరే చట్టం ఉంది, అది పర్లాకిమిడి లాడ్జికి వర్తించదు. పున్నమి రాత్రి ఇంట్లో ఆడుకోవాలంటే మీ తాతగారినో అమ్మమ్మగారినో గంజప గుండ్రటి ముక్కలు ఉన్నాయేమో అడుగు, 96 ముక్కల కట్ట, ఎనిమిది రంగులు, రంగుకి పన్నెండు. మీ ప్రాంతంలో ఇప్పటికీ ఆ ఆట తెలిసిన పెద్దవాళ్ళు ఉంటే ఎలా ఆడతారో వివరంగా రాసి పంపు, వచ్చే సంచికల్లో వేస్తాం.