దొంగ మస్టరుకు మీసాలుండవు

విజయవాడ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి మంచం మీద వాలి, రెండోసారి పెన్సిలు పట్టుకుని. పెన్సిలు పట్టానంటే కథలో సరుకు ఉన్నట్టే. లేని కథలకు నేను పెన్సిలు అరగదీయను.

అమెరికాలో మెసాచుసెట్స్ రాష్ట్ర పోలీసులు కొందరు చేయని అదనపు గంటలకు కూలి రాసుకున్న ఓవర్‌టైమ్ కుంభకోణం మీద తెలుగులో రాయాలని నీకు తోచడమే నాకు నచ్చింది. ఆ రాష్ట్రంలోనే ష్రూస్‌బరీలో ఉంటూ, ఆ గొడవ జరిగిన టర్న్‌పైక్ అనే టోల్ రహదారి మీదనే రోజూ ఆఫీసుకు పోయి వచ్చే నువ్వు రాయకపోతే ఇంకెవరు రాస్తారు? అమెరికా కథ అనగానే మనవాళ్లకు మంచు, ఒంటరితనం, అమ్మ కట్టిచ్చిన ఆవకాయ తప్ప మరొకటి గుర్తుకు రాదు. సరే, ఆ గోల ఇంకోసారి.

నీ పోలీసు అధికారి చీకట్లో కారు ఆపి, నోట్ల కట్ట జేబులో కుక్కుకుంటాడు. పైగా గుబురు మీసం. అమ్మాయీ, ఆయన మన సినిమాల్లోని సీఐ. ఆయన్ను విమానం ఎక్కించి బోస్టన్‌లో దింపావు. అక్కడ జరిగింది అది కాదు. ఎవరూ ఎవరి చేతిలోనూ ఏమీ పెట్టలేదు. డబ్బు జీతంతో కలిసి, పన్ను కూడా కోత పడి, బుద్ధిగా బ్యాంకు ఖాతాలో జమ అయింది. లంచం అన్న మాటతో ఆ సంగతిని పట్టుకోలేవు. దానికి అతికే మాట మన ఊళ్లలోనే ఉంది: దొంగ మస్టరు, అంటే పనికి రానివాళ్లు వచ్చినట్టు రాసిన హాజరు పట్టీ.

నేను విలేకరిగా ఉన్నప్పుడు ఒక మండలంలో ఉపాధి హామీ పనుల మస్టర్లు చూశాను. పద్నాలుగు రోజుల హాజరు ఒకే సిరాతో, ఒకే చేతితో, ఒకే ఒరవడిలో ఉంది. గ్రామసభలో పేర్లు చదువుతుంటే ఒక పేరు దగ్గర ముసలమ్మ లేచి, "మావాడు పోయి ఏడాదైంది కదయ్యా" అంది. ఆ రాత్రి నేను రాసిన వార్తలో రాక్షసులు, రాబందులు, రక్తం తాగే జలగలు అన్నీ ఉన్నాయి. మా సబ్ ఎడిటర్ అవన్నీ కొట్టేసి రెండే ఉంచాడు, ఒకే సిరా సంగతి, ముసలమ్మ మాట. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇప్పుడు నీతో నేను ఆయన మాటలే మాట్లాడుతున్నాను.

అందుకని నీ కథలో నోట్ల కట్ట తీసేసి కాగితాలు పెట్టు. బోస్టన్ నుంచి న్యూయార్క్ సరిహద్దు దాకా సుమారు 220 కిలోమీటర్ల టర్న్‌పైక్. దాన్ని కాపలా కాసే దళం పేరు ట్రూప్ ఇ. ప్రమాదాలు తగ్గించడానికని, మితిమీరిన వేగంతో పోయేవాళ్లను పట్టడానికని, మామూలు డ్యూటీకి అదనంగా నాలుగేసి గంటల ఓవర్‌టైమ్ షిఫ్టులు పెట్టారు. గంటకు ఒకటిన్నర రెట్ల కూలి. కొందరు ఆ షిఫ్టుకు అసలు రాలేదు, కొందరు మధ్యలో ఇంటికి పోయారు, అందరూ పూర్తి గంటలు రాసుకున్నారు. పని చేసినట్టు కనబడాలంటే టికెట్లు, అంటే వేగంగా పోయేవాళ్లకు రాసే జరిమానా చీటీలు, ఉండాలి కదా. అందుకని ఎవరికీ ఇవ్వని టికెట్లు పుట్టాయి. నిజంగా ఇచ్చిన టికెట్ల మీద వేళలు మారాయి. ఒక పోలీసు వంటింటి బల్ల దగ్గర కూర్చుని, రోడ్డు మీద లేని కారుకు, జరగని వేగానికి, తాను నిలబడని చోట టికెట్ రాస్తున్నాడు. ఇది కల్పన కాదా? నువ్వూ నేనూ చేసే పనే చేస్తున్నాడు, పైగా మనకంటే మంచి కూలికి. నీ కథ అక్కడ మొదలుపెట్టు.

ఇంకో సంగతి నీ కళ్ల ముందే ఉన్నా నువ్వు వాడుకోలేదు. ఆ మోసం ఎక్కువగా 2015, 2016 సంవత్సరాల్లో జరిగింది. అదే 2016 అక్టోబరులో టర్న్‌పైక్ మీద టోల్ బూత్‌లు తీసేసి, రోడ్డుకు అడ్డంగా కెమెరాల కమానులు నిలిపారు. నీ కారు ఏ నిమిషంలో ఏ కమాను కింద నుంచి పోయిందో లెక్క ఉంటుంది, బిల్లు ఇంటికి వస్తుంది. పోలీసు కారు ఎక్కడుందన్నదానికి మాత్రం అప్పట్లో ఆయన రాసిందే లెక్క. 2018లో గుట్టు బయటపడ్డాకనే, పోలీసుల గస్తీ కార్లన్నీ ఎక్కడ తిరుగుతున్నాయో చెప్పే పరికరాలను పని చేయించాలని నిర్ణయించారు. ఈ రెండింటినీ ఒక పేరాలో పక్కపక్కన పెట్టి ఊరుకో. వ్యాఖ్యానం రాశావంటే కొట్టేస్తాను.

లెక్కల దగ్గర మాత్రం చేయి జారకూడదు. మొదట 21 మంది అన్నారు, విచారణ సాగేకొద్దీ ఆ సంఖ్య 46కు చేరింది. వారిలో కొందరే కోర్టు మెట్లు ఎక్కారు. నువ్వు "నలభై ఆరుగురు దొంగలు" అని రాసేశావు. విచారణ వేరు, నేరారోపణ వేరు, శిక్ష వేరు. 2018లోనే అప్పటి గవర్నర్ చార్లీ బేకర్ ప్రభుత్వం ట్రూప్ ఇని రద్దు చేసింది. నేరం ఒప్పుకున్నవాళ్లలో కొందరికి పడిన జైలుశిక్ష ఎంతో తెలుసా? ఒక్క రోజు. ఆ మాట చదివి నేను కళ్లజోడు తుడుచుకున్నాను. అలాగని శిక్షలన్నీ అలాగే లేవు. అదే రాష్ట్ర పోలీసుల ట్రాఫిక్ కార్యక్రమాల విభాగంలో ఒక లెఫ్టినెంటు, ఒక సార్జెంటు ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, నిధుల ఓవర్‌టైమ్ మింగారని 2023 డిసెంబరులో జ్యూరీ తేల్చింది. ఒకరికి అయిదేళ్లు, మరొకరికి మూడేళ్లు పడ్డాయి. ట్రూప్ ఇ గొడవ పైకి రాగానే ఆ విభాగంలో పాత కాగితాలు చించారు, కాల్చారు. దొంగ టికెట్ రాసే చేయి ఒక దృశ్యం, కాగితం తగలబెట్టే చేయి ఇంకో దృశ్యం. నీకు మూడో దృశ్యం ఎందుకు?

ఇక యూనియన్. నీ కథ ఇక్కడే బాగా కుంటుతోంది. యూనియన్ నాయకుణ్ణి ఈ దొంగలకు కాపలాదారుగా నిలబెట్టి వదిలేశావు. అసలు సంగతి దానికంటే చేదుగా ఉంది. రాష్ట్ర పోలీసు సంఘం అధ్యక్షుడు డానా పుల్‌మన్, సంఘం తరఫున ప్రభుత్వం దగ్గర పనులు చక్కబెట్టే లాబీయిస్టుతో కలిసి సొంత సభ్యులకే ద్రోహం చేశాడని 2022లో జ్యూరీ తీర్పు చెప్పింది. ఆ లాబీయిస్టు నుంచి 20,000 డాలర్ల చెక్కు పుల్‌మన్ భార్య పేరున వచ్చింది. మరుసటి ఏడాది ఆయనకు రెండున్నరేళ్ల శిక్ష పడింది. న్యూయార్క్‌లోనూ ఇదే తంతు. అక్కడి పోలీసు సార్జెంట్ల సంఘానికి అధ్యక్షుడిగా ఉన్న ఎడ్ మలిన్స్ ఖర్చుల బిల్లుల్లో అంకెలు పెంచి, లేని ఖర్చులు చూపి, సంఘం డబ్బు 6,00,000 డాలర్లు కాజేసినట్టు 2023లో ఒప్పుకున్నాడు. చూశావా, ఆయుధం మళ్లీ కాగితమే. సంఘాల డబ్బు ఎవరిది? మంచులో, తెల్లవారుజామున, నిజంగానే ఆ నాలుగు గంటలూ రోడ్డు మీద నిలబడిన పోలీసుది కూడా. అతని జీతంలోంచి చందా కోసుకున్నారు. నీ కథలో అతను లేడు. నాకు అతనే కావాలి. పక్కవాడు ఇంట్లో ఉన్నాడని అతనికి తెలుసా? తెలిసీ ఎందుకు ఊరుకున్నాడు? దీనికి నా దగ్గర జవాబు లేదు. ఉంటే నేనే రాసేవాణ్ణి.

అతను లేకపోతే నీ కథ యూనియన్లే దండగ అన్నట్టు చదువుకుంటుంది. మా నాన్న ఆర్టీసీ డ్రైవరు. ఓటీ, అంటే ఓవర్‌టైమ్, గంటలు సరిగా లెక్క కట్టించింది యూనియనే. దొంగ ఓటీని తిట్టే తొందరలో అసలు ఓటీని తిట్టకు.

భాష సంగతి ఒక్క ముక్క. తెలుగు పాఠకుడికి పోలీసు ఓవర్‌టైమ్ అంటే వెంటనే తట్టదు. మన కానిస్టేబులు తెల్లవారుజామున బందోబస్తుకు పోతే ఎప్పుడు తిరిగి వస్తాడో ఇంట్లో చెప్పలేడు, గంటకింత అన్న మాటే లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వారానికి ఒక రోజు సెలవు అన్న మాట 2019లో ప్రకటనగా వస్తే అదే పెద్ద వార్త అయింది. కాబట్టి ఆ లెక్క ఎలా నడుస్తుందో కథలోనే ఎవరి నోటనైనా తేలిగ్గా చెప్పించు. భార్య అడగవచ్చు, కొడుకు అడగవచ్చు. నీ రెండో పేజీలో ఆవిడ "ఈ రాత్రి డ్యూటీ అన్నారుగా?" అంటుంది చూడు, కథ మొత్తంలో నాకు బాగా నచ్చిన వాక్యం అది. దాన్ని కదపకు. ఆయన జవాబు మాత్రం తీసేయి.

మార్చిలో మా అబ్బాయి దగ్గరికి వెస్ట్‌బరో వస్తున్నాను. చార్ల్‌టన్ దగ్గర టర్న్‌పైక్ పక్కన బండ్లు ఆగే చోట కాఫీ తాగుదాం. కొత్త ప్రతి అచ్చు తీసి పట్టుకురా, ఫోనులో నేను చదవలేను. పెన్సిలు నేనే తెచ్చుకుంటాను.

నీ మాస్టారు