చీకటితోనే వెళ్ళాలా, తెల్లారాక వెళ్తే చాలదా?

చిత్తడి నేలల్లో పక్షుల్ని చూడాలంటే చీకటితోనే లేవాలా, కాస్త పొద్దెక్కాక వెళ్తే ఏం పోతుందని అడిగారు. బాతులు, బుడుబుంగలు ఎక్కడికీ పోవు, ఎనిమిదింటికి వెళ్ళినా నీళ్ళ మీదే ఉంటాయి. అప్పటికి అయిపోయేవి వేరే ఉన్నాయి: కొంగలు, నీటికాకులు రాత్రి పడుకున్న చెట్ల మీంచి గుంపులుగా బయల్దేరడం, రాత్రంతా వేటాడిన చింతవక్కలు తిరిగి చెట్లకు చేరడం, జమ్ములో దాక్కునే నీటికోళ్ళు అంచుకొచ్చి మేయడం. ఎండ పడ్డాక నీటికోళ్ళు చాలావరకు మళ్ళీ జమ్ములోకి దూరిపోతాయి.

సూర్యోదయానికి 45 నిమిషాల ముందు గట్టు మీద ఉండాలి. ఇంట్లోంచి బయల్దేరే టైము కాదు, అక్కడ నిలబడే టైము.

చాలామంది బోల్తాపడేది నిలబడే చోటు దగ్గర. సూర్యుడు రాకముందు తూర్పుకేసి చూడాలి. తెల్లబడుతున్న ఆకాశం మీద నల్లటి ఆకారాలు తేటగా కనిపిస్తాయి, రంగులతో పనిలేదు. ఎగిరేటప్పుడు మెడను ఎస్ ఆకారంలో మడిస్తే కొంగ జాతి, బారుగా చాచి రెక్కలు గబగబా కొడితే నీటికాకి. తెడ్డుమూతి కొంగ పేరుకే కొంగ, మెడ చాచే ఎగురుతుంది. సూర్యుడు పైకొచ్చాక అదే చోట ఉంటే కళ్ళు చెదరడం తప్ప ఏమీ కనిపించదు. తూర్పు గట్టుకు మారి, ఎండను వీపున పెట్టుకుని పడమరకేసి చూడండి. రెండు చోట్లకీ దారి ముందురోజు వెలుతురులోనే చూసుకోవాలి, చీకట్లో బురద లోతు తెలియదు.

బైనాక్యులర్ 8x42 (8 రెట్లు పెద్దగా చూపేది, ముందు కటకం వ్యాసం 42 మి.మీ.) సరిపోతుంది. ముందు కటకం వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం వెడల్పు వస్తుంది: 8x42కి 5.25 మి.మీ., 10x42కి 4.2, జేబులో పట్టే 8x25కి 3.1 మాత్రమే. మసక వెలుగులో ఆ తేడా బాగా తెలుస్తుంది. ఏసీ గదిలోంచి తేమ గాలిలోకి తెస్తే అద్దాల మీద ఆవిరి పడుతుంది. తుడిచినా మళ్ళీ పడుతుంది కాబట్టి అరగంట ముందే బయట పెట్టేయండి. ఇంకొకటి, డీట్ అనే రసాయనం ఉన్న దోమల మందు ప్లాస్టిక్‌ను, రబ్బరును తినేస్తుంది. చేతికి రాసుకుంటే అరచేయి శుభ్రంగా తుడిచాకే బైనాక్యులర్ ముట్టుకోండి. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, రాసుకోవడానికి పెన్సిల్ పెట్టుకోండి (మంచుకు తడిసిన కాగితం మీద పెన్ను మొరాయిస్తుంది).

గట్టు నడినెత్తిన నిలబడొద్దు. ఆకాశం మీద మీ ఆకారం పక్షులకూ అంతే తేటగా కనిపిస్తుంది. వాలు మీద, పొద ముందు కూర్చోండి. మేస్తున్న గుంపులో తలలన్నీ ఒక్కసారి లేచాయంటే మీరు దగ్గరికి వెళ్ళిపోయినట్టే. అక్కడే ఆగి, తలలు మళ్ళీ దిగేదాకా కదలకండి. అయినా దిగకపోతే వెనక్కి రండి. ఒక్క అడుగు ముందుకేసినా గుంపంతా లేచిపోతుంది, పొద్దున మేత వేళ వాటికి ఆ నష్టం చిన్నది కాదు. పెద్ద గుంపును ఒక్కొక్కటిగా లెక్కపెట్టబోకండి, పదింటిని లెక్కించి ఆ జాగాను కొలతగా పెట్టుకుని ముందుకు జరపండి.

ఇదంతా చెరువులకు, మంచినీటి మడుగులకు. సముద్రపు పాయలు, మడ అడవుల దగ్గర పొద్దు కంటే పోటు ముఖ్యం. పోటు బురదను కప్పేకొద్దీ ఉల్లంకులు (బురదలో మేసే చిన్న పక్షులు) ఒడ్డుకు జరుగుతాయి, కాబట్టి పూర్తి పోటుకు ముందు రెండు గంటలు, తర్వాత గంట మంచి సమయం. తెల్లారేసరికి పూర్తి పాటు (నీళ్ళు బాగా వెనక్కి తగ్గిన వేళ) ఉందంటే నాలుగింటికి లేచినా దూరాన బురదలో చుక్కలే కనిపిస్తాయి. అలాంటి రోజు హాయిగా పడుకుని పోటు వేళకు వెళ్ళండి.