మాంట్‌గోమరీ బస్సుల గురించి రాస్తున్న మాధవికి

చిరంజీవి మాధవికి ఆశీస్సులు.

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, మాంట్‌గోమరీ నగరపు నల్లవారు 1955-56లో సాగించిన బస్సు బహిష్కరణ మీద హైస్కూలు పిల్లల కోసం నువ్వు రాస్తున్న పుస్తకంలోని మొదటి అధ్యాయం అందింది. భాష సరళంగా, హాయిగా ఉంది. అయితే అందులో రోజా పార్క్స్ రోజంతా కుట్టుపని చేసి అలసిపోయి, బస్సులో తెల్లవారికి సీటు వదలడానికి ఓపిక లేక కూర్చుండిపోయిన అమాయకురాలిగా కనిపిస్తున్నారు. ఆ చిత్రాన్ని మార్చమని నా మొదటి సలహా. 1955 డిసెంబరు 1న అరెస్టయ్యే నాటికి ఆమె వయసు 42. నల్లజాతి వారి హక్కుల కోసం పనిచేసే ఎన్‌ఏఏసీపీ స్థానిక శాఖకు ఆమె ఎన్నో ఏళ్లు కార్యదర్శిగా ఉన్నారు. అంతకు తొమ్మిది నెలల ముందే క్లాడెట్ కాల్విన్ అనే పదిహేనేళ్ల అమ్మాయి అదే నగరంలో సీటు వదలనని చెప్పి అరెస్టయింది. ఆమె కేసును ముందుపెట్టి ఉద్యమం నడపడానికి పెద్దలు వెనుకాడారు. ఆ వెనుకంజను దాచకుండా రాయి. నీ పుస్తకం చదివేది ఆ వయసు పిల్లలే కదా.

బస్సులో జరిగే అవమానాన్ని వివక్ష అన్న ఒక్క మాటతో సరిపెట్టవద్దు. ముందు పది సీట్లు శ్వేతజాతి వారివి. అవి ఖాళీగా ఉన్నా నల్లవారు వాటిలో కూర్చోకూడదు. ముందు సీట్లు నిండితే, వెనుక కూర్చున్నవారిని కూడా డ్రైవరు లేపేవాడు. ముందు తలుపు దగ్గర టికెట్టు డబ్బు తీసుకుని, దిగి వెనుక తలుపు గుండా ఎక్కమనేవారు. వాళ్లు అక్కడికి చేరేలోపే బస్సు కదిలిపోవడమూ ఉండేది. ప్రయాణికులలో అత్యధికులు నల్లవారే అయినా పరిస్థితి ఇదీ. వాళ్లు ఎక్కడం మానేస్తే కంపెనీ ఆదాయం ఎందుకు కుప్పకూలిందో ఇంత చెబితే పిల్లలే గ్రహిస్తారు.

నీ పథకంలో రెండు పేజీలే కేటాయించిన భాగానికి కనీసం రెండు అధ్యాయాలు ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం. 381 రోజులపాటు వేల మంది పనిమనుషులు, కూలీలు, విద్యార్థులు బస్సు ఎక్కకుండా పనులకూ చదువులకూ ఎలా చేరుకున్నారన్నదే ఈ కథకు గుండెకాయ. అలబామా స్టేట్ కాలేజీలో బోధించే జో యాన్ రాబిన్సన్ అరెస్టు జరిగిన రాత్రే కాలేజీ యంత్రం మీద వేల కొద్దీ కరపత్రాలు తీశారు. ఆమె నాయకత్వంలోని మహిళా రాజకీయ మండలి, బహిష్కరణ తప్పకపోవచ్చని 1954 మే నెలలోనే మేయరును హెచ్చరించి ఉంది. మొదట్లో నల్లజాతి టాక్సీ డ్రైవర్లు బస్సు ఛార్జీకి సమానంగా పది సెంట్లకే జనాన్ని చేరవేశారు. టాక్సీల కనీస ఛార్జీ 45 సెంట్లన్న నిబంధనను నగర అధికారులు బయటికి తీయగానే, 1953లో బేటన్ రూజ్ నగరంలో ఇలాంటి బహిష్కరణ నడిపిన టి. జె. జెమిసన్‌ను అడిగి తెలుసుకుని సొంత కార్లతో ఒక రవాణా వ్యవస్థనే ఏర్పాటు చేసుకున్నారు. తరువాత చర్చిల పేరిట స్టేషన్ వ్యాగన్లు (ఎక్కువ మంది పట్టే పెద్ద కార్లు) కొన్నారు. వాటి బీమా రద్దయితే లండన్‌లోని లాయిడ్స్ ద్వారా కొత్త బీమా సంపాదించారు. జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి తోటి స్త్రీలతో కలిసి భోజనాలు, కేకులు అమ్మి పెట్రోలు ఖర్చులకు డబ్బు పోగుచేశారు. వారానికి వారం హాజరు పట్టీ, ఖర్చుల పద్దు రాసినంత ఓపికగా ఈ అధ్యాయాలు రాయి. మార్టిన్ లూథర్ కింగ్ ఉపన్యాసాలు ఎక్కడైనా దొరుకుతాయి, ఈ పద్దులు అంత తేలికగా దొరకవు.

కింగ్‌ను తగ్గించమని నా ఉద్దేశం కాదు. 26 ఏళ్ల వయసులో ఈ ఉద్యమ నాయకత్వ బాధ్యత తీసుకుని, 1956 జనవరి 30న తన ఇంటి మీద బాంబు పడిన రాత్రి ఆగ్రహంతో గుమిగూడిన జనాన్ని శాంతపరిచి ఇళ్లకు పంపిన మనిషి ఆయన. మన పాఠకులు గాంధీ ప్రస్తావన తప్పక ఆశిస్తారు. ఆ సంబంధం నిజమే. అయితే గాంధీ పద్ధతులను అధ్యయనం చేసిన బేయర్డ్ రస్టిన్ అక్కడికి చేరింది 1956 ఫిబ్రవరిలో. అప్పటికే రెండు నెలలుగా జనం నడుస్తున్నారు. ఒక పేరా చాలు.

మొదట వారు కోరినవి ఎంత చిన్న కోరికలో కూడా చెప్పు: మర్యాద, ముందు వచ్చినవారికి ముందు సీటు (నల్లవారు వెనుక నుంచి, తెల్లవారు ముందు నుంచి నింపే పద్ధతిలోనే), నల్లవారు ఎక్కువగా ఉండే దారుల్లో నల్లజాతి డ్రైవర్లు. అధికారులు ఇంత కూడా ఇవ్వబోమన్నాకే, బస్సుల్లో జాతుల విభజననే రద్దు చేయమంటూ న్యాయవాది ఫ్రెడ్ గ్రే ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. ఆ 'బ్రౌడర్ వర్సెస్ గేల్' కేసులో పార్క్స్ పేరు లేదు. కాల్విన్ పేరు ఉంది. 1956 నవంబరు 13న సుప్రీంకోర్టు నల్లవారి పక్షాన నిలిచింది. అదే రోజు స్థానిక కోర్టు కార్ల ఏర్పాటును నిషేధించింది! ఆ రోజుకు ఒక అధ్యాయం రాయవచ్చు.

డిసెంబరు 21న అందరూ బస్సు ఎక్కడంతో పుస్తకం ముగించవద్దు. ఆ తరువాత బస్సుల మీద కాల్పులు జరిగాయి, 1957 జనవరిలో చర్చిల మీద బాంబులు పడ్డాయి, ఉద్యోగం పోగొట్టుకున్న పార్క్స్ ఆ ఏడాదే మాంట్‌గోమరీ విడిచి వెళ్లిపోయారు. తరువాతి అధ్యాయాలు పంపేటప్పుడు నగర పటం ఒకటి గీసి జతచేయి; కార్లు ఆగే చోట్లు అందులో గుర్తుపెడితే చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ చరిత్ర మాస్టారు