అమెరికా రోడ్లు ఎక్కడ, మద్దిలపాలెం జంక్షన్ ఎక్కడ!

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదేళ్ల నుంచి అమెరికాలో ఉంటున్నాడండి. మొన్న సంక్రాంతికొచ్చి కారు తీశాడు, మా విశాఖలో మద్దిలపాలెం జంక్షన్ దాకా వెళ్లి పక్కన ఆపేసి తాళాలు నా చేతిలో పెట్టేశాడు. అక్కడ అందరూ రూల్స్ పాటిస్తారు నాన్నా, యాక్సిడెంట్లే ఉండవు అంటున్నాడు. నిజమేనా? - ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: భయపడ్డాడంటే తప్పు పట్టనండి, ముప్పయ్యేళ్లుగా ఇక్కడే బండి నడుపుతున్న నాకే అక్కడ చేతులకి చెమట పడుతుంది, ఒకపక్క హైవే లారీలు, ఇంకోపక్క సిటీ బస్సులు, మధ్యలో దూరే ఆటోలు. కానీ యాక్సిడెంట్లే ఉండవంటే మాత్రం ఒప్పుకోను. 2022లో అమెరికా రోడ్ల మీద చనిపోయినవాళ్లు 42 వేల పైనే, మన దేశంలో 1,68,491 మంది. జనాభా కూడా మనది వాళ్లకి నాలుగింతల పైనే కదా, లక్ష మందికి లెక్కేస్తే రెండు చోట్లా 12 అటూఇటూనే తేలుతుంది. అలాగని మురిసిపోకండి, వాళ్లు కార్లలో తిరిగినన్ని కిలోమీటర్లు మనం తిరగం, అంత తక్కువ తిరిగి కూడా ఇంతమంది పోతున్నారు.

పోల్చుకుంటే స్వీడన్‌తో పోల్చుకోవాలి. మనిషన్నాక పొరపాటు చేస్తాడు, ఆ పొరపాటుకి ప్రాణం పోకూడదు అని 1997లో వాళ్ల పార్లమెంటే తీర్మానించింది. రెండు వైపులా బండ్లు తిరిగే రోడ్లని చాలాచోట్ల మూడు లేన్లు చేసి మధ్యలో ఇనప తాళ్లు కట్టేశారు, ఓవర్‌టేక్ చేసే లేన్ కాసేపు ఇటువాళ్లకి, కాసేపు అటువాళ్లకి. డ్రైవర్ కునుకు తీసినా బండి తాళ్లకి గుద్దుకుంటుంది గానీ ఎదురొచ్చేవాడి మీదకి పోదు.

మొన్న హనుమంతవాక దగ్గర ఒకాయన స్కూటీ మీద రాంగ్ రూట్లో ఎదురొచ్చాడు, ముందు చిన్నపిల్ల నిలబడుంది, హెల్మెట్టేమో మోచేతికి. ఏంటి బాబూ ఇది అంటే, "యూటర్న్ ఎంత దూరంలో ఉందో చూశారా, పెట్రోల్ మీరు పోయిస్తారా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చాక ఆలోచిస్తే, ఆయనది తప్పే, కానీ యూటర్న్ అంత దూరం పెట్టినవాళ్లకి జనం ఏం చేస్తారో తెలీదా? హెల్మెట్ విషయంలో మాత్రం ఆయన్ని వెనకేసుకురాను, ఆ 2022లోనే హెల్మెట్ లేక పోయినవాళ్లు 50 వేలు.

ప్రశ్న: వేసవిలో నేనూ వాడి దగ్గరికి వెళ్తున్నా. మన లైసెన్స్‌తో అక్కడ నడపొచ్చా?

జవాబు: ఆర్టీఏలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, ఏడాది పనికొస్తుంది, అసలు లైసెన్స్ కూడా జేబులో ఉండాలి. రాష్ట్రానికో రూలు కాబట్టి మీవాడి ఊళ్లో ఏముందో ముందే కనుక్కోమనండి. స్టాప్ బోర్డు కనిపిస్తే రోడ్డు ఖాళీగా ఉన్నా బండి పూర్తిగా ఆపాల్సిందే, స్లో చేసి జారుకుంటే కుదరదు. స్కూల్ బస్సు ఎర్ర లైట్లు వేసి ఆగితే వెనకున్న మీరూ ఆగాలి, మధ్యలో డివైడర్ లేకపోతే ఎదురొచ్చేవాళ్లూ ఆగాలి.

ఇంకోటి, స్టీరింగ్ ఎడమవైపుంటుంది, ఇండికేటర్ కూడా ఎడమ చేతికే. మొదటి వారమంతా నేను మలుపు తిరిగినప్పుడల్లా మండుటెండలో వైపర్లు ఆడించాను, పక్కన కూర్చున్న మా కోడలు పాపం నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగిపోయేది.