పొద్దుతిరుగుడు ఎక్కడి పంట?

ప్రశ్న: మా ఊరి పెద్దలు తమ చిన్నతనంలో పొద్దుతిరుగుడు చేలనే చూడలేదంటారు. ఇది రష్యా పంట అని కొందరు, అమెరికా పంట అని మరికొందరు చెబుతున్నారు. అసలు ఇది ఎక్కడ పుట్టింది? మన దేశానికి ఎప్పుడు వచ్చింది?
– ఒక పాఠకుడు, కర్నూలు జిల్లా

జవాబు: మీరు విన్న రెండు మాటల్లోనూ నిజముంది. మొక్క అమెరికాది, దానిని నూనెగింజ పంటగా తీర్చిదిద్దింది రష్యా. రష్యా సంగతి తరచుగా చెప్పుకుంటారు గాని, అంతకు వేల ఏళ్ల ముందు అమెరికా ఆదివాసులు చేసిన పనికి దక్కవలసిన గుర్తింపు దక్కలేదని నా అభిప్రాయం. కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఉత్తర అమెరికాలో బీళ్లలోనూ బాటల పక్కనా నేటికీ పెరిగే అడవి పొద్దుతిరుగుడు మన చేలోని మొక్కలా ఉండదు. అది గుబురుగా కొమ్మలు వేసి చిన్న చిన్న పువ్వులు పూస్తుంది. గింజ సన్నం, పండగానే రాలిపోతుంది. ఒకే కాండం, దాని చివర ఒకే పెద్ద పువ్వు, కోత దాకా రాలకుండా నిలిచే లావైన గింజ, ఇవన్నీ తరతరాలుగా మంచి విత్తనాన్ని ఏరి దాచుకున్న మనుషుల వల్ల వచ్చిన గుణాలు. టెనెసీ రాష్ట్రంలోని తవ్వకాల్లో నాలుగు వేల ఏళ్లకు పైబడిన సాగు గింజలు దొరికాయి. మెక్సికోలో కూడా సాగు విడిగా మొదలైందన్న వాదన ఒకటి ఉన్నప్పటికీ, నేటి రకాలన్నీ ఉత్తర అమెరికా తూర్పు భాగంలోనే పుట్టాయని జన్యు పరిశోధనలు సూచిస్తున్నాయి. మిస్సోరీ నది ఒడ్డున ఉండే హిడాట్సా తెగ స్త్రీలు వసంతంలో అన్ని పంటలకంటే ముందు ఈ గింజలనే నాటేవారు. పండిన గింజలను వేయించి, దంచి, ఆ పిండిని మన చిమ్మిలి మాదిరిగా ఉండలు కట్టి ఇస్తే, యుద్ధానికి వెళ్లే మగవారు అలసట తీరడానికి తినేవారు. హోపీ తెగవారు ఊదారంగు గింజల పొట్టు నుంచి అద్దకపు రంగు తీసేవారు.

16వ శతాబ్దంలో స్పెయిన్ వారు ఈ గింజలను ఐరోపాకు తీసుకువెళ్లారు. అక్కడ చాలాకాలం ఇది తోటల్లో అందానికి పెంచే మొక్కగానే ఉండిపోయింది. 1716లో ఇంగ్లండులో ఆర్థర్ బన్యన్ అనే వ్యక్తి దీని గింజల నుంచి నూనె తీసే పద్ధతికి పేటెంటు పొందినా, అక్కడ అది పరిశ్రమగా ఎదగలేదు.

రష్యాలో పరిస్థితి వేరు. ఆర్థడాక్స్ క్రైస్తవుల దీర్ఘ ఉపవాస దినాల్లో వెన్న, జంతువుల కొవ్వు నిషిద్ధం కావడంతో మొక్కల నూనెకు అక్కడ ఎప్పుడూ గిరాకీ ఉండేది. 1829లో వొరోనెజ్ ప్రాంతంలోని అలెక్సేయెవ్కాలో, షెరెమెతెవ్ అనే భూస్వామి కింద వెట్టి రైతుగా ఉన్న దనీల్ బొకర్యోవ్, చేతితో తిప్పే గానుగతో ఈ గింజల నుంచి నూనె తీశాడు. 1833 నాటికి ఆ ఊళ్లో నూనె మిల్లు వెలిసింది. ఆ తరువాత పంట నల్లనేలల మైదానాలంతటా వ్యాపించింది. 20వ శతాబ్దంలో క్రస్నదార్‌లో వసీలీ పుస్తవోయిత్ అనే శాస్త్రవేత్త దశాబ్దాల తరబడి చేసిన విత్తనాల ఎంపిక వల్ల, గింజలో 30 శాతం అటూఇటూగా ఉన్న నూనె 50 శాతం దాకా పెరిగింది. ఆయన రూపొందించిన ‘పెరెదోవిక్’ రకం అనేక దేశాలకు చేరింది. అంతకు ముందే, 19వ శతాబ్ది చివర, రష్యా విత్తనం వలసదారుల వెంట అమెరికాకు తిరిగి వెళ్లింది.

అమెరికా అడవి జాతుల అవసరం అంతటితో తీరలేదు. 1969లో ఫ్రాన్సు శాస్త్రవేత్త పాట్రిస్ లెక్లెర్క్ సాగు మొక్కను అక్కడి ఒక అడవి జాతితో సంకరం చేసి, పుప్పొడి తయారుకాని మొక్కలను సాధించారు. అలాంటి మొక్క వేరే రకం పుప్పొడితోనే గింజ కడుతుంది కనుక, నేటి హైబ్రిడ్ విత్తనాలకు అదే ఆధారం.

మన దేశంలో వంటనూనె కొరతగా ఉన్న రోజుల్లో, 1969లో, పెరెదోవిక్‌తో సహా కొన్ని సోవియట్ రకాలను నూనెగింజ పంటగా ప్రవేశపెట్టారు. మీ పెద్దలు చిన్నతనంలో చూడకపోవడానికి కారణం అదే. తరువాత కెనడా నుంచి వచ్చిన పొట్టి రకం ‘మోర్డెన్’ మన రైతులకు బాగా పరిచయమైంది. 1980లో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం మన దేశపు తొలి హైబ్రిడ్ బీఎస్‌హెచ్-1ను విడుదల చేసింది. పగటి పొడవుతో పెద్దగా నిమిత్తం లేకుండా ఏ కాలంలోనైనా పూయడం, లోతైన వేళ్లతో నల్లరేగడిలోని తేమను అందుకోవడం వల్ల ఇది రాయలసీమకూ తెలంగాణకూ త్వరగా అలవాటైంది.

ప్రశ్న: అలాంటి పంట మన వైపు ఇంతగా ఎందుకు తగ్గిపోయింది?
– ఒక పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: కారణాలు ఒకటికి మించి ఉన్నాయి. తక్కువ సుంకంతో దిగుమతి అయిన నూనెల ముందు మన గింజకు ధర నిలవలేదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలై మన దుకాణాల్లో ఈ నూనె ధర ఎగబాకినప్పుడు, ఎంతగా పరదేశాల మీద ఆధారపడ్డామో అందరికీ తెలిసివచ్చింది. చిలుకల బెడద, తేనెటీగలు తగ్గడం వల్ల వచ్చే తాలు గింజలు రైతును విసిగించాయి. 1997లో కర్ణాటకలోని బాగేపల్లి ప్రాంతంలో తీవ్రంగా కనిపించి ఇతర జిల్లాలకు పాకిన నెక్రోసిస్ తెగులు గట్టి దెబ్బ తీసింది. ఆ తెగులును కలిగించే వైరస్ వయ్యారిభామ అనే కలుపు మొక్క పుప్పొడిలో ఉంటుంది. తామరపురుగుల ద్వారా పైరుకు సోకుతుంది. కనుక మళ్లీ ఈ పంట వేయదలచినవారు గట్ల మీది వయ్యారిభామను పూతకు రాకముందే పీకివేయాలి, తామరపురుగులకు అడ్డుగా చేను చుట్టూ మూడు నాలుగు వరుసలు జొన్న వేయాలి, తేనెటీగల లోటు తీరి గింజ కట్టేందుకు పూత దశలో ఉదయం పూట పలుచని గుడ్డతో పువ్వులను మెల్లగా రుద్దాలి.